వీడియో గేములకు మనమే మార్కులు వేద్దాం

(తల్లిదండ్రుల ఆరోగ్య సదస్సులో చేసిన ప్రసంగం)



ఈసారి వీడియో గేముల గురించి మాట్లాడమన్నారు. నర్సుకు వీడియో గేములతో ఏం పని అని మీకు అనిపించవచ్చు. ఓ.పి.లో బరువు తూచి, జ్వరం చూసి, చీటీ రాసే బల్ల దగ్గర కూర్చునేది మేమే. కాబట్టి డాక్టరు గారి కంటే ముందు తల్లుల మాటలు మా చెవిన పడతాయి. "సిస్టరు గారూ, వీడికి కళ్లు మండుతున్నాయంట." "మూడు రోజులైనా దొడ్డికి వెళ్లడం లేదండీ." "రాత్రి ఒంటిగంటైనా పడుకోడు." ఆ తరవాత వచ్చే మాట దాదాపు ఒకటే: "అంతా ఆ ఫోనేనండీ."

ఆ ఒక్క మాట మాకు చాలదు. జ్వరమని వస్తే ఎన్నాళ్ల నుంచి, చలితో వస్తోందా, సాయంత్రం పూటే వస్తోందా అని అడుగుతాం కదా. ఆట విషయంలో కూడా అలాగే అడగాలి. ఏ ఆట? ఆ ఆటలో దేనికి మార్కులు వస్తాయి? ఆడేవాణ్ణి అది ఎప్పుడు వదిలిపెడుతుంది? కొత్త ఆటలు వచ్చినప్పుడు పత్రికల్లో సమీక్షలు వేస్తారు. బొమ్మలు బాగున్నాయి, శబ్దాలు బాగున్నాయి అని అయిదుకు నాలుగు చుక్కలు ఇస్తారు. నేనడిగిన ఈ ప్రశ్నలు మాత్రం వాటిలో అరుదుగా కనబడతాయి. అందుకని ఇవాళ మూడు రకాల ఆటలను మనమే పరీక్షిద్దాం. పిన్‌బాల్, రేసు ఆటలు, కళ్లకు పెట్టె తగిలించుకుని ఆడే వర్చువల్ రియాలిటీ ఆటలు.

పిన్‌బాల్‌తో మొదలుపెడతాను. మూడింటిలోనూ ఇదే పాతది. నా లెక్కలో ఇదే మర్యాద తెలిసిన ఆట కూడా. ఏటవాలుగా ఉండే ఒక బల్ల, పైన అద్దం, లోపల ఒక ఉక్కు గోళీ. గోళీ జారి గుంటలో పడిపోకుండా అడుగున ఉన్న రెండు రెక్కలతో దాన్ని పైకి కొడుతూ ఉండాలి. అసలు యంత్రాన్ని మనలో చాలామంది చూసి ఉండరు. కానీ 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీ కంప్యూటర్లలో 'స్పేస్ కేడెట్' అనే పిన్‌బాల్ ఆట ఊరికే ఉండేది. ఇవాళ నలభై ఏళ్ల చుట్టుపక్కల ఉన్నవారిలో కొందరైనా కంప్యూటర్ సెంటరుకు టైపింగ్ నేర్చుకోవడానికి వెళ్లి, సారు అటు తిరగగానే దాన్ని తెరిచే ఉంటారు. నవ్వుతున్నారంటే మీరూ ఆ బాపతే! ఎడమ రెక్కకు జెడ్ మీట, కుడి రెక్కకు అడ్డగీత మీట, గోళీని వదలడానికి పొడుగాటి స్పేస్ బార్.

అందులో మార్కులు చూపుకూ, అదనుకూ. రెక్కను ఒక్క క్షణం ముందు కొట్టినా పనికిరాదు, వెనక కొట్టినా పనికిరాదు. బల్లను కాస్త కుదపడానికి కూడా మీటలున్నాయి. అతిగా కుదిపితే మాత్రం 'టిల్ట్' అని రెక్కలు రెండూ పడిపోతాయి, గోళీ కళ్లముందే జారిపోతుంది. కోపం వచ్చి బల్లను గుద్దేవాడికి ఆటే శిక్ష వేస్తుంది. అది నాకు బాగా నచ్చింది.

ఇక వదిలిపెట్టడం. మూడు గోళీలు అయిపోతే ఆట సరి. కొత్తవాడికి రెండు మూడు నిమిషాలు, చెయ్యి తిరిగినవాడికి ఇంకాస్త ఎక్కువ. ఆ తరవాత తెర మీద అంకె కనబడి అంతా ఆగిపోతుంది. వంటింట్లోంచి తల్లి "అన్నానికి రారా" అని పిలిస్తే పిల్లవాడికి వినబడేది అప్పుడే. మీ ఇంట్లో పిలుపు ఎందుకు వినబడడం లేదో తెలుసుకోవాలంటే, పిల్లవాడు ఆడే ఆటలో ఇలాంటి ఆగే చోటు ఉందో లేదో చూడండి. ఫోను ఆటలు చాలావాటిలో ఉండదు. ఓడిపోగానే "ఈ ప్రకటన చూడు, ఇంకొక ప్రాణం ఇస్తాం" అంటాయి. అది అయ్యేసరికి ఇంకొక బహుమతి చూపిస్తాయి. పిల్లవాడు మాట వినని మొండి అని మీరు అనుకుంటారు. పదేళ్లవాడికి లేవడానికి సందు దొరకని విధంగా పెద్దవాళ్లు కూర్చుని ఆ ఆటను తయారుచేశారన్న సంగతి కూడా లెక్కలో వేసుకోవాలి.

పిన్‌బాల్‌కు ఒక పాత కథ కూడా ఉంది. అమెరికాలోని న్యూయార్క్ నగరంలో 1942లో ఈ ఆటను నిషేధించారు. మేయరు లాగార్డియా హయాంలో పోలీసులు యంత్రాలను పట్టుకుని సుత్తులతో పగలగొట్టారు. ఎందుకంటే అప్పటి యంత్రాలకు ఈ రెక్కలే లేవు. గోళీని వదలడం, అది ఎక్కడ పడుతుందో అని చూడడం. అంటే జూదమే. మీట నొక్కితే లేచే రెక్కలు 1947లో 'హంప్టీ డంప్టీ' అనే యంత్రంతో వచ్చాయి. అయినా నిషేధం 1976 దాకా సాగింది. ఆ సంవత్సరం రోజర్ షార్ప్ అనే ఆటగాడు నగర కౌన్సిల్ ముందు యంత్రం పెట్టించుకుని, గోళీ ఫలానా దారిలోకి వెళ్తుందని ముందే చెప్పి, అక్కడికే పంపి చూపించాడు. నైపుణ్యమా, అదృష్టమా అన్న ఈ వాదనే మన దేశంలో ఆన్‌లైన్ రమ్మీ గురించి కోర్టుల్లో ఏళ్ల తరబడి నడిచింది. చివరికి 2025 ఆగస్టులో పార్లమెంటు, నైపుణ్యమైనా అదృష్టమైనా సరే, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలు కూడదని చట్టం చేసింది. ఆట ఏదైనా పిల్లవాడు మీ ఫోను నుంచి డబ్బు కట్టగలుగుతున్నాడా అన్నది ఇవాళ రాత్రే చూసుకోండి. మీ యు.పి.ఐ. పిన్ నంబరు పిల్లలకు తెలిసి ఉంటే రేపు మార్చేయండి.

ఇక రేసు ఆటలు. వీటన్నిటినీ ఒకే గాటన కట్టడానికి వీల్లేదు.

'హిల్ క్లైంబ్ రేసింగ్' అని ఒకటుంది. 2012లో ఫిన్లాండ్ నుంచి వచ్చింది, చిన్న ఫోనులో కూడా ఆడుతుంది, ఇంటర్నెట్ లేకపోయినా ఆడుతుంది. గుట్టలు ఎక్కుతూ దిగుతూ పోయే ఒక జీపు. రెండే మీటలు, ఒకటి బ్రేకు, ఒకటి యాక్సిలరేటరు. యాక్సిలరేటరు మీద వేలు అలాగే పెట్టి ఉంచితే బండి వెనక్కి పల్టీ కొడుతుంది. డ్రైవరు తల నేలకు తగిలిందా, ఆట అక్కడితో సరి. తలకు దెబ్బ తగిలితే అంతా అయిపోతుందని ఇంత సూటిగా చెప్పే ఆటలు తక్కువ! నర్సుగా దానికి మంచి మార్కులే వేస్తాను. మధ్యలో వచ్చే ప్రకటనలకు కొన్ని తీసేస్తాను.

'గ్రాన్ టురిస్మో' అని జపాన్ వాళ్ల ఆట 1997లో మొదలైంది. అది ప్లేస్టేషన్ యంత్రంలో ఆడేది కాబట్టి మన ఇళ్లలో తక్కువ, కాస్త డబ్బున్న ఇళ్లలో ఉంటుంది. అందులో పెద్ద రేసుల్లోకి దిగాలంటే ముందు లైసెన్సు పరీక్షలు పాసవ్వాలి. బండిని వేగంగా తీసుకెళ్లి గీసిన గడిలో సరిగ్గా ఆపాలి. మలుపుకు ముందే వేగం తగ్గించడం నేర్చుకోవాలి. బ్రేకు వేయడానికి మార్కులు ఇచ్చే రేసు ఆట అన్నమాట. పిల్లలు విసుక్కుంటారు, కానీ ఆడతారు.

వీటికి అవతలి ఒడ్డున మనందరికీ తెలిసిన 'రోడ్ రాష్' ఉంది. 1991లో వచ్చింది. తరవాత మన ఇంటర్నెట్ సెంటర్లలో ఎందరు కుర్రవాళ్లు దాని ముందు కూర్చున్నారో లెక్కలేదు. పక్క బండివాణ్ణి కాలితో తన్నడం, గొలుసుతో కొట్టడం అందులో ఆట. కిందపడినవాడు లేచి దుమ్ము దులుపుకుని బండి దగ్గరికి పరుగెత్తుతాడు. క్యాజువాలిటీలో పనిచేసినవాళ్లెవరికైనా ఆ పరుగు చూస్తే ఒళ్లు మండుతుంది. బండి మీంచి పడినవాడు అలా లేచి పరుగెత్తడు. తొడ ఎముక విరిగితే బయటికి చుక్క రక్తం కనబడకుండానే లీటరుకు పైగా లోపల కారిపోవచ్చు.

అయినా రోడ్ రాష్ పాతబడిన ఆట, అందులో దెబ్బలాట బాహాటంగా కనబడుతుంది, తల్లిదండ్రులు ఒక్కసారి చూస్తే గ్రహిస్తారు. నన్ను ఎక్కువ కలవరపెట్టేది 2016లో వచ్చిన 'ట్రాఫిక్ రైడర్'. అందులో రక్తం లేదు, తన్నులాట లేదు. బైకు నడిపేవాడి కళ్లతోనే రోడ్డు కనబడుతుంది, హ్యాండిలు పట్టుకున్న చేతులు కనబడతాయి. చూస్తే "పాపం బండి నడుపుకుంటున్నాడు" అనిపిస్తుంది. దేనికి మార్కులు వస్తున్నాయో చూడండి. గంటకు 100 కిలోమీటర్లు దాటిన వేగంలో కారును రాసుకుంటూ పోతే అదనపు మార్కులు, ఆట డబ్బులు. రెండు వైపులా బండ్లు వచ్చే రోడ్డులో ఎదురుదారిన పోతే ఇంకా అదనం. ముందు చక్రం గాల్లోకి లేపితే మరికొంత. ఆట తయారుచేసినవాళ్లే తమ ప్రకటనలో ఈ చిట్కాలు రాశారు, నేను కల్పించి చెప్పడం లేదు. తప్పించుకున్న ప్రతి ప్రమాదానికీ కూలి ఇచ్చే ఆట అది. 2005లో వచ్చిన 'నీడ్ ఫర్ స్పీడ్ మోస్ట్ వాంటెడ్'లో పోలీసు బండ్లను గుద్ది తప్పించుకుంటే పేరు పెరుగుతుంది. అది కూడా ఆ కోవలోదే.

ఈ ఆట ఆడిన ప్రతి పిల్లవాడూ రోడ్డు మీద అలా నడుపుతాడని నేను అనను. పదమూడేళ్లవాడికి ఆట వేరు, రోడ్డు వేరు అని తెలుసు. నా దిగులు ఎక్కడంటే, ఆట ఆడే చేతికి అందేచోట మేకుకు బండి తాళం చెవి వేలాడే ఇళ్ల గురించి. కేంద్ర రవాణా శాఖ లెక్క ప్రకారం 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వారిలో నూటికి 44 మందికి పైగా రెండు చక్రాల బండి మీద ఉన్నవారు. "పాలపాకెట్టు తీసుకురా" అని పద్నాలుగేళ్లవాడికి స్కూటీ ఇచ్చి పంపే తల్లిదండ్రులు ఈ సదస్సులో కూడా ఉంటారు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం మైనరు బండి నడిపి నేరం జరిగితే తండ్రికి లేదా బండి యజమానికి మూడేళ్ల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా. బండి రిజిస్ట్రేషన్ పన్నెండు నెలలు రద్దు. ఆ పిల్లవాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు రాదు.

మరి ఫోను లాక్కోవాలా? లాక్కుంటే పక్కింటి అబ్బాయి ఫోనులో ఆడతాడు. ఒకరోజు పక్కన కూర్చుని మీరూ ఆ ఆట ఆడండి. పది నిమిషాల్లో నాలుగుసార్లు లారీని గుద్దేస్తారు, పిల్లలు పడీపడీ నవ్వుతారు. అప్పుడు అడగండి: "కారును రాసుకుంటూ పోతే ఎందుకురా డబ్బులిస్తోంది? ఆ కారులో మన అక్క కూర్చుని ఉంటే?" ఉపన్యాసం మీరు ఇవ్వకండి, వాణ్ణే చెప్పనివ్వండి. బండి తాళం చెవి మాత్రం మేకు మీంచి తీసి బీరువాలో పెట్టండి.

రేసు ఆటల గురించి ఇంకొక మాట, పెద్దవారికి. అమెరికాలో శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు 'న్యూరోరేసర్' అనే ఆట తయారుచేసి 60 నుంచి 85 ఏళ్ల వారిచేత ఆడించారు. మెలికల దారిలో బండి నడుపుతూనే, తెర మీద వచ్చే గుర్తుల్లో ఫలానా గుర్తు కనబడినప్పుడే మీట నొక్కాలి. నెల రోజుల్లో మొత్తం 12 గంటలు ఆడారు, అంతే. రెండు పనుల మీద ఒకేసారి ధ్యాస నిలిపే శక్తిలో వారు ఆ ఆట ఎన్నడూ ఆడని ఇరవై ఏళ్లవాళ్లను మించారు. ఆ మెరుగుదల ఆరు నెలల తరవాత కూడా కనబడింది. ఈ ఫలితం 2013లో 'నేచర్' పత్రికలో వచ్చింది. అది పరిశోధన కోసం చేసిన ప్రత్యేకమైన ఆట, బజారులో దొరికే ప్రతి కారు ఆటకూ ఆ గుణం అంటగట్టకూడదు. అయినా మనవడు ఫోను చేతికిచ్చి "ఆడు తాతయ్యా" అంటే సిగ్గుపడి తోసేయకండి.

ఇప్పుడు వర్చువల్ రియాలిటీ. పేరు పెద్దది కాబట్టి వి.ఆర్. అందాం. కళ్లకు కట్టుకునే పెట్టెలో రెండు కళ్లకూ రెండు బొమ్మలు కాస్త తేడాతో చూపిస్తారు. మెదడు వాటిని కలిపి లోతు ఉన్నట్టు భ్రమపడుతుంది. తల తిప్పితే బొమ్మ కూడా తిరుగుతుంది. 1995లో 'వర్చువల్ బాయ్' అని నింటెండో కంపెనీ ఒక యంత్రం తెచ్చింది. నల్లటి తెర మీద ఎర్రటి గీతలు, ఆడినవారికి కళ్లలాగుడు, తలనొప్పి. ఏడాది తిరగకుండానే అమ్మకం ఆపేశారు. ఇవాళ్టివి ఎంతో మెరుగు. మన ఊళ్లలో ఇళ్లలో తక్కువ కానీ మాల్స్‌లో, ఎగ్జిబిషన్లలో కుర్చీలో కూర్చోబెట్టి పెట్టె తగిలించి రోలర్ కోస్టర్ ఎక్కిస్తున్నారు. సెలవుల్లో పిల్లలు మారాం చేస్తారు, మీరు టికెట్టు కొంటారు, దిగగానే వాంతి.

ఆ వాంతి ఎందుకో చెబుతాను. పాడేరు ఘాట్ రోడ్డులో బస్సు కిటికీ పక్కన కూర్చుని బయటికి చూస్తే ఫరవాలేదు, తలవంచి ఫోను చూస్తే కడుపులో తిప్పుతుంది. మన లోపలి చెవిలో నీటితో నిండిన మూడు అర్ధవలయపు గొట్టాలు ఉంటాయి. శరీరం ఎటు తిరుగుతోందో మెదడుకు చెప్పేవి అవే. బస్సులో చెవి "తిరుగుతున్నాం" అంటుంది, ఫోను చూస్తున్న కన్ను "కదలడం లేదు" అంటుంది. వి.ఆర్.లో దీనికి తిరగబడి జరుగుతుంది. కన్ను "పడిపోతున్నాం" అని అరుస్తుంది, చెవి "కుర్చీలో కూర్చున్నాం కదా" అంటుంది. ఇద్దరు సాక్షులు రెండు రకాలుగా చెప్పేసరికి మెదడు తికమకపడి వాంతి తెప్పిస్తుంది. అందుకే వి.ఆర్.లో రేసు ఆటలు ఎక్కువమందికి పడవు. గ్రాన్ టురిస్మో ఏడవ భాగాన్ని 2023 నుంచి వి.ఆర్.లో ఆడుకునే వీలు వచ్చింది. చూడడానికి అద్భుతమే, కానీ బస్సు ప్రయాణం పడని పిల్లలకు అది వద్దు. 2019లో పూర్తిగా విడుదలైన 'బీట్ సేబర్' వేరు. పాట వస్తూ ఉంటుంది, ఎదురుగా వచ్చే రంగుల దిమ్మలను రెండు చేతులతో నరుకుతూ ఉండాలి. మనిషి ఉన్నచోటే నిలబడి చేతులు ఆడిస్తాడు కాబట్టి కన్నూ చెవీ ఒకే మాట చెబుతాయి. పైగా చెమట పడుతుంది. నేను ఎంచుకోవాల్సి వస్తే అదే ఎంచుకుంటాను.

అయితే పెట్టె పెట్టుకున్నవాడికి గది కనబడదు. వాడు చెయ్యి విసిరిన చోట టేబుల్ ఫ్యాన్ ఉండవచ్చు, వేడి టీ పట్టుకుని వస్తున్న మీరు ఉండవచ్చు. చాప మందం జాగా కాకుండా చేతులు చాచి తిరిగేంత చోటు ఖాళీ చేసి, ఒకరు కాపలా ఉండి ఆడించండి. వయసు సంగతి కూడా చూడండి. ప్లేస్టేషన్ రెండో వి.ఆర్. పెట్టె 12 ఏళ్ల లోపు పిల్లలకు కాదని తయారీదారులే చెప్పారు. మెటా కంపెనీవారు మొదట 13 ఏళ్లు అని పెట్టి, 2023లో తల్లిదండ్రుల అనుమతితో 10 ఏళ్లకు తగ్గించారు. మాల్స్‌లో ఈ నియమం ఎవరూ అడగరు, మీరే గుర్తుపెట్టుకోవాలి. ఒకరి ముఖం మీది పెట్టె ఇంకొకరి ముఖానికి మారుతుంది. 2023 వానాకాలంలో కళ్లకలక ఎలా ఊరంతా పాకిందో చూశాం కదా. స్పిరిట్ తుడుపుతో తుడిచి ఇమ్మని అడగడానికి మొహమాటపడకండి.

ఇంత చెప్పాక, వి.ఆర్. గురించి నేను అసలు చెప్పదలచుకున్న సంగతికి వస్తాను.

కాలిన గాయాలకు డ్రెస్సింగ్ మార్చడం చూసినవారికి చెప్పనక్కరలేదు. పాత గుడ్డ తడిపి తీయాలి, చచ్చిన చర్మం గోకి తీయాలి, కడగాలి, మందు రాయాలి. ప్రతిరోజూ, వారాల తరబడి. నొప్పి ఇంజక్షను ఇచ్చినా ఆ పావుగంట భరించడం చాలా కష్టం. మా ట్రాలీ చక్రాల చప్పుడు వినగానే ఏడుపు మొదలుపెట్టే పిల్లలుంటారు. అమెరికాలోని సియాటిల్‌లో హంటర్ హాఫ్‌మన్, డేవిడ్ ప్యాటర్సన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1996 నుంచి ఇలాంటి రోగులకు వి.ఆర్. పెట్టి చూశారు. 2000 సంవత్సరంలో 'పెయిన్' అనే వైద్య పత్రికలో ఇద్దరు కుర్రవాళ్ల సంగతి రాశారు. ఒకడికి 16 ఏళ్లు, కాలు కాలింది. ఇంకొకడికి 17, ముఖం, వీపు, చేతులు కలిపి శరీరంలో మూడోవంతు కాలింది. డ్రెస్సింగ్ మారుస్తుండగా కొంతసేపు మామూలు వీడియో గేము ఆడించారు, కొంతసేపు వి.ఆర్. పెట్టారు. మందులు మామూలుగానే ఇచ్చారు. మామూలు గేము ఆడుతున్నప్పటి కంటే వి.ఆర్.లో ఉన్నప్పుడు నొప్పి బాగా తగ్గిందని ఇద్దరూ చెప్పారు. పదహారేళ్లవాడికి నూటికి వేసే నొప్పి కొలతలో ఏకంగా 80 తగ్గింది.

ఆ తరవాత వారు కాలిన రోగుల కోసమే 'స్నోవరల్డ్' అనే ఆట తయారుచేయించారు. నిప్పుకు విరుగుడు కాబట్టి మంచు. మంచు లోయలో తేలుతూ పోతుంటే మంచు మనుషులు, పెంగ్విన్ పక్షులు ఎదురవుతాయి, వాటి మీదికి మంచు ఉండలు విసరాలి. గెలుపు ఓటముల గొడవ లేదు. నొప్పి తెలియాలంటే మెదడు అటు ధ్యాస పెట్టాలి. ఆ ధ్యాసంతా మంచులో చిక్కుకుపోతే నొప్పికి మిగిలేది కొంచెమే. ఇది చదివిన రోజు నాకు చాలా సంతోషం కలిగింది. డ్రెస్సింగ్ చేస్తూ పాటలు పాడించడం, కథలు చెప్పడం మేము ఎప్పటి నుంచో చేసేదే. ఆ పద్ధతికి ఇంత బలం ఉందని ఆ పరిశోధన చూపించింది.

తల్లిదండ్రులు గ్రహించవలసింది ఇక్కడే ఉంది. కాలిన పుండు కడుగుతున్న నొప్పిని మరిపించగల ఆటకు, ఆరోగ్యంగా ఉన్న పిల్లవాడి ఆకలినీ దాహాన్నీ మరిపించడం ఎంత పని? మూత్రం వస్తున్నా ఆపుకుని కూర్చుంటాడు. ఆడపిల్లల్లో అలా ఆపుకోవడం వల్ల మూత్రంలో చీము, మంట వస్తాయి. దొడ్డికి వచ్చినప్పుడు లేవకపోతే ఆ పిలుపే మందగించి మలబద్ధకం మొదలవుతుంది. మెడ పట్టేసినా, బొటనవేలి మొదట్లో నరం లాగుతున్నా తెలియదు. కళ్లు మామూలుగా నిమిషానికి 15 సార్ల దాకా ఆడతాయి, తెర చూస్తుంటే అందులో సగం కూడా ఆడవు, అందుకే మంట. "నాకేం నొప్పి లేదమ్మా" అని ఆడుతున్న పిల్లవాడు చెబితే అబద్ధం చెబుతున్నాడని అనుకోకండి. నిజంగానే వాడికి తెలియడం లేదు. కాబట్టి వాడి శరీరం తరఫున మీరు అడగాలి. ఇరవై నిమిషాలకోసారి లేపి, గ్లాసు నీళ్లు తాగించి, ఒంటికి వెళ్లి రమ్మని పంపి, ఇరవై అడుగుల దూరంలో ఉన్న చెట్టునో ఎదురింటి మేడనో ఇరవై సెకన్లు చూడమనండి. ఆట సగంలో లాగేస్తే గొడవ చేస్తాడు, అది న్యాయమే. రేసు ముగిశాక, పాట అయ్యాక, గోళీ పడ్డాక పిలవండి. ఆట తెలిసిన తల్లికి ఎప్పుడు పిలవాలో తెలుస్తుంది.

మూర్ఛ ఉన్న పిల్లల గురించి తప్పక చెప్పాలి. మిణుకుమిణుకుమనే వెలుగులు కొందరికి ఫిట్స్ తెప్పిస్తాయి. 1997 డిసెంబరు 16న జపాన్‌లో 'పోకెమాన్' కార్టూన్‌లో ఎర్ర, నీలం వెలుగులు గబగబా మెరిసే దృశ్యం చూసి 600 మందికి పైగా ఆసుపత్రుల పాలయ్యారు. వారిలో ఎక్కువమంది పిల్లలు. రేసు ఆటల పేలుళ్లలో, పిన్‌బాల్ దీపాల్లో కూడా అలాంటి మెరుపులు ఉంటాయి. మీ బిడ్డకు ఇదివరకు ఫిట్స్ వచ్చి ఉంటే డాక్టరు గారిని అడగకుండా వి.ఆర్. పెట్టకండి. చీకటి గదిలో ఏ ఆటా ఆడనివ్వకండి. ఆడుతుండగా ఫిట్స్ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టండి, తల కింద మెత్తటి గుడ్డ పెట్టండి, గడియారం చూడండి. చేతిలో తాళాల గుత్తి పెట్టడం, పళ్ల మధ్య చెంచా దూర్చడం, నోట్లో నీళ్లు పోయడం వద్దు. తాళాలతో ఫిట్స్ ఆగవు, దానంతట అది ఆగే సమయానికి తాళాలకు పేరొస్తుంది. అయిదు నిమిషాలు దాటినా, తెలివి రాకుండానే మళ్లీ వచ్చినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకురండి.

"మావాడికి ఇది జబ్బు అయిందా సిస్టరు గారూ?" అని కొందరు అడుగుతారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించి 2022 జనవరి నుంచి అమలులోకి తెచ్చిన జబ్బుల పట్టికలో 'గేమింగ్ డిజార్డర్' ఉంది. అయితే సెలవుల్లో నాలుగు రోజులు ఎక్కువ ఆడితే జబ్బు కాదు. ఆపుదామనుకున్నా ఆపలేకపోవాలి, చదువూ స్నేహాలూ తిండీ అన్నీ ఆట వెనక్కి పోవాలి, నష్టం కనబడుతున్నా ఆడుతూనే ఉండాలి, ఇదంతా సాధారణంగా ఏడాది పాటు సాగాలి. అలాంటి పరిస్థితి ఉంటే కొట్టడం వల్ల ప్రయోజనం లేదు. బెంగళూరు నిమ్హాన్స్‌లో ఇందుకోసమే 2014 నుంచి ఒక ప్రత్యేక క్లినిక్ నడుస్తోంది. అంత దూరం వెళ్లలేనివారు ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కు ఫోను చేయవచ్చు. డబ్బు కట్టనవసరం లేదు, తెలుగులో మాట్లాడతారు.

ఇక ఓ.పి.కి వచ్చేటప్పుడు ఒక పని చేయండి. కళ్లమంట, తలనొప్పి, కడుపులో తిప్పడం, నిద్ర పట్టకపోవడం, ఏ కారణంతో పిల్లలను తెచ్చినా ఒక కాగితం మీద ఆట పేరు, రోజులో ఏయే వేళల్లో ఆడుతున్నారు, పడుకునే ముందు ఎంతసేపు ఆడారు అన్నవి రాసుకుని రండి. పేరు మీకు పలకడం రాకపోతే పిల్లవాడిచేతే రాయించండి. ఆ కాగితం చీటీ బల్ల దగ్గర నాకు ఇస్తే కేసు షీటుకు జతచేసి డాక్టరు గారికి పంపుతాను.